సిరా గడ్డకట్టిన గదిలో లెక్కలు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి పిల్లల ఇంటర్ గ్రూపుల గురించి ఇళ్లలో మాటలు మొదలయ్యాయి. "అమ్మాయికి ఎంపీసీ ఎందుకు మేడమ్, ఏదైనా తేలిక గ్రూపు చెప్పండి" అని ఈ వారంలోనే ముగ్గురు అడిగారు. ఆ ముగ్గురమ్మాయిలకూ లెక్కలంటే ప్రాణం. అందుకే ఈసారి ఫ్రెంచి గణితవేత్త సోఫీ జెర్మేన్ గురించి రాస్తున్నాను.

సోఫీ 1776లో పారిస్‌లో పుట్టింది. తండ్రి పట్టు వ్యాపారి. 1789లో విప్లవకారులు బాస్టీల్ కోటను పట్టుకునేనాటికి ఆమెకు 13 ఏళ్లు. బయటంతా అల్లర్లు, గడప దాటే వీల్లేదు. తండ్రి పుస్తకాల గదిలో ప్రాచీన గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్ కథ దొరికింది: తను గీసిన బొమ్మలో మునిగిపోయి, సైనికుడికి బదులివ్వక ప్రాణం పోగొట్టుకున్నాడట. మనిషిని అంతగా కట్టిపడేసే విద్య ఏమిటో తనకూ తెలియాలనుకుంది.

ఇంట్లో ఒప్పుకోలేదు. రాత్రుళ్లు చదవకుండా గదిలో చలిమంట ఆర్పేసి, వెచ్చని బట్టలు తీసేసేవారు. ఆమె దాచుకున్న కొవ్వొత్తులు వెలిగించి, దుప్పట్లు చుట్టుకుని కూర్చునేది. తెల్లారి చూస్తే బల్ల మీదే నిద్ర, బుడ్డిలో సిరా గడ్డకట్టి ఉండేదని చెబుతారు. వాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. భయపడ్డారు, అంతే. చివరికి మెత్తబడ్డారు. పెళ్లి చేసుకోని ఆ కూతుర్ని తండ్రి బతికినన్నాళ్లూ పోషించాడు.

పారిస్‌లో 1794లో పెట్టిన ఇంజనీరింగ్ కళాశాల ఎకోల్ పాలిటెక్నిక్‌లో అప్పట్లో ఆడవాళ్లకు ప్రవేశం ఉండేది కాదు. పాఠాల నోట్సు సంపాదించి, లెబ్లాన్ అనే మగపేరుతో తన రాతలు అక్కడ పాఠాలు చెప్పే గణితవేత్త లాగ్రాంజ్‌కు పంపింది. నిజం తెలిశాక ఆయనే ఆమెకు అండగా నిలిచాడు. జర్మన్ గణితవేత్త గౌస్‌కూ అదే పేరుతో ఉత్తరాలు రాసింది. ఫ్రెంచి సైన్యం గౌస్ ఊరిని ఆక్రమించినప్పుడు, ఆర్కిమెడీస్ గతి ఆయనకూ పడుతుందేమోనని హడలిపోయి, తెలిసిన సేనానికి కబురు పెట్టింది. అలా అసలు పేరు బయటపడింది. సంఖ్యల లెక్కల్లోనూ ఆమె పేరు నిలిచింది. 11 ప్రధాన సంఖ్య, అంటే ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేనిది. రెట్టించి ఒకటి కలిపితే వచ్చే 23 కూడా ప్రధాన సంఖ్యే. 11 లాంటి ప్రధాన సంఖ్యలను ఇప్పటికీ సోఫీ పేరుతోనే పిలుస్తారు.

లోహపు పలక మీద ఇసుక చల్లి, అంచున వయొలిన్ కమాను లాగితే ఇసుక ముగ్గులా సర్దుకుంటుంది. ఎందుకో లెక్కల్లో చెప్పమని ఫ్రెంచి సైన్స్ అకాడమీ పోటీ పెట్టింది. సోఫీకి రెండుసార్లు కుదరలేదు. మూడోసారి, 1816లో, బహుమతి ఆమెదే. అయినా 1831లో ఆమె చనిపోయినప్పుడు మరణపత్రంలో గణితవేత్త అని రాయలేదు, ఆస్తి రాబడి మీద బతికే స్త్రీ అని రాశారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

మొన్న మన ల్యాబ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు స్పీకరుకు పల్చటి రేకు బిగించి, దానిమీద బొంబాయి రవ్వ చల్లారు. శబ్దం పెంచగానే "మేడమ్, రవ్వ గీతల్లోకి పరుగెడుతోంది!" అని ఒక పిల్ల కేక పెట్టింది. రేకులో కదలని చోట్లకే రవ్వ చేరుతుంది.

శనివారం తల్లిదండ్రుల సమావేశంలో ఆ రేకును మీకూ చూపిస్తారు. గ్రూపు సంగతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడుకుందాం. రవ్వ మేమే తెస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు