నీ తలుపు శాస్త్రం ఓడిపోయింది

ప్రియమైన సూరికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి, చంటిది బడికి వెళుతోంది. తక్కిన సంగతులు మరోసారి రాస్తాను, ఎందుకంటే ఈ బండి కథ నీకు చెప్పేవరకు నాకు నిద్ర పట్టేలా లేదు.

నేను మోజుపడిన ఆ సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి గుర్తుందిగా? ముందు లావుపాటి ఇనుప గార్డు, ఎత్తయిన టైర్లు, నెత్తిన నాలుగు లైట్లతో అచ్చం ఉత్సవానికి ముస్తాబైన ఏనుగులా ఉండేది. తలుపు వేస్తే నువ్వు మెచ్చే ఆ 'ధబ్' వినిపించింది. తలుపు చప్పుడు ఎంత బరువుగా ఉంటే బండి అంత గట్టిదనే నీ తలుపు శాస్త్రం ప్రకారం నూటికి నూరు మార్కులు వేసి, అక్కడికక్కడే ఇరవై వేలు అడ్వాన్సు చేతిలో పెట్టాను. (రామవరప్పాడు రింగు దగ్గర అంబాసిడర్ తలుపు వేసి నువ్వు చేసిన ఘనకార్యం ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మా ఆవిడ కూడా చదువుతుంది.)

ఎందుకైనా మంచిదని బండిని విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి టింకరింగ్ మేస్త్రీకి చూపించాను. ఆయన జేబులోంచి గుడ్డపేలిక చుట్టిన చిన్న అయస్కాంతం తీసి బండి చుట్టూ ఆనిస్తూ వచ్చాడు. తలుపుకు అంటుకుంది, బానెట్‌కు అంటుకుంది, డ్రైవరు పక్కన పైకప్పును మోసే స్తంభం మొదట్లో మాత్రం జారి కింద పడింది. "ఇక్కడ ఇనుము లేదు బాబూ, పుట్టీ ఉంది" అని స్క్రూడ్రైవరుతో గీరితే పొడి రాలి, దాని కింద వంకరటింకర వెల్డింగు అతుకు బయటపడింది. ప్రమాదంలో మనిషి కూర్చునే చోటు నలిగిపోకుండా కాపాడవలసిన ఆ స్తంభాన్ని ఇప్పటి బండ్లలో ప్రత్యేకంగా గట్టిపరచిన ఉక్కుతో చేస్తారట. దాన్ని కోసి మంట పెట్టి అతికితే ఆ గట్టిదనం పోతుంది, పైన రంగు వేశాక ఆ సంగతి బ్రహ్మకు కూడా తెలియదు.

ఇనుప గార్డు విప్పించాక నాకు ఒళ్లు జలదరించింది. గుద్దుకున్నప్పుడు తాను మడతలు పడి దెబ్బను మింగవలసిన పెట్టె స్థానంలో ఎవరో మహానుభావుడు దళసరి ఇనుప పలక బిగించాడు. ముందు భాగం నలగకపోతే ఆ దెబ్బ ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీదుగా నేరుగా మన గుండెలకు వస్తుంది. ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పిందన్న సంగతి మనలో ఎంతమందికి పట్టింది? తాళం తిప్పగానే వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవలసిన ఎయిర్‌బ్యాగ్ దీపం ఇందులో అసలు వెలగనే లేదు. లోపల ఆ సంచీ ఉందో, లేక దాన్ని కూడా... సరే, వదిలేయి.

మొరటుగా కనిపించేదల్లా గట్టిదని మనం హాస్టల్లో ఎంతగా వాదించాం! నువ్వు గోడకు బొమ్మ అంటించుకున్న ఆ జీప్ రాంగ్లర్‌కు 2018లో, కొత్త కార్లను గుద్ది చూసి అయిదు నక్షత్రాల వరకు మార్కులు వేసే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఒక్క నక్షత్రమే ఇచ్చింది. 2020లో అమెరికాలో, గుద్దేటప్పుడు ముందు భాగంలో ఒక అంచు మాత్రమే తగిలే పరీక్షలో అది పక్కకు ఒరిగి పడిపోయింది. అలాగని నిచ్చెనలాంటి ఛాసిస్ మీద కట్టిన బండ్లన్నీ దండగ అనకు, అటువంటిదే అయిన మన మహీంద్రా థార్ రాక్స్ 2024లో ఇక్కడి అలాంటి పరీక్షే అయిన భారత్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్ది చూసే వాళ్లకు తలుపు చప్పుడుతో పనిలేదు, నాయనా.

అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఈ బండిలోనే శ్రీశైలం ఘాట్ ఎక్కుదామనుకున్నాను, సూరీ. రాత్రి అదే తలచుకుని చాలాసేపు లేచి కూర్చున్నాను.

అడ్వాన్సు అడిగితే, "ఇంత బలమైన బండికి వంక పెడతారేమిటండీ" అని అమ్మిన పెద్దమనిషి నామీదే కేకలు వేశాడు. ఇవాళ ఆయనకు ఆ అయస్కాంతాన్నే చూపించాలని మేస్త్రీ దగ్గర అరువు తెచ్చాను. అదిగో, గేటు దగ్గర ఆయన స్కూటరు చప్పుడు వినిపిస్తోంది, మిగతాది తరువాత

నీ రవి