మన ఫుటీ గ్రూప్ వార్షిక నివేదిక 2022: కొత్త కోచ్ వచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి నివేదిక కొంచెం పెద్దదే అవుతుంది, ఎందుకంటే ఈ ఏడాది మన తెలుగు సంఘం ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) గ్రూపులో ఏ ఇద్దరు కలిసినా మాట్లాడుకుంది ఒకటే విషయం, మన అభిమాన క్లబ్ నార్త్ మెల్బోర్న్‌కి కొత్త హెడ్ కోచ్ ఎవరు అని. మిగతా పనులు ముందు చెప్పేసి అక్కడికొస్తాను.

పిల్లల్ని, చిన్నారులకి ఫుటీ నేర్పే ఆస్‌కిక్‌కి తీసుకెళ్ళడం ఈసారి కూడా వంతులేసుకుని చేశాం, టార్నీట్, పాయింట్ కుక్ వైపు తల్లిదండ్రులు చాలా సాయం చేశారు. ఉగాది పిక్నిక్‌లో ఆ కోలగా ఉండే బంతిని ఎలా తన్నాలో పెద్దవాళ్ళకి పిల్లలే నేర్పించారు. మార్వెల్ స్టేడియంలో ఐదు హోమ్ మ్యాచ్‌లకి కలిసి వెళ్ళాం. నార్త్ మహిళల టీమ్ ప్రిలిమినరీ ఫైనల్ (ఫైనల్‌కి ముందు మ్యాచ్) దాకా వెళ్ళింది, మన ఆడపిల్లలకి అది పెద్ద సంబరం. జమాఖర్చులు ట్రెజరర్ గారు విడిగా పంపారు, చూసుకోండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. నార్త్ 1925లో పెద్ద లీగ్‌లోకి వచ్చిన క్లబ్, 1975, 1977, 1996, 1999లో నాలుగు లీగ్ టైటిళ్ళు, అంటే ప్రీమియర్‌షిప్‌లు గెలిచింది. అట్లాంటి క్లబ్ 2021లో నాలుగు గెలుపులు ఒక డ్రాతో 18 టీముల్లో అట్టడుగున నిలిచింది, ఈ ఏడాది 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి మళ్ళీ అక్కడే ఆగింది. మూడో రౌండ్‌లో బ్రిస్బేన్ చేతిలో 108 పాయింట్ల తేడాతో ఓడినరోజు మనం ఒక సభ్యుడి ఇంట్లో కూర్చుని చూశాం, చివరి క్వార్టర్ వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు, చేసిన పులిహోర కూడా అలాగే ఉండిపోయింది. ఆ మ్యాచ్ తర్వాత ఆటగాళ్ళని గట్టిగా తిట్టినందుకు కోచ్ డేవిడ్ నోబుల్ వాళ్ళకి క్షమాపణ చెప్పారు. అది బలహీనత అన్నవాళ్ళున్నారు, నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

జులై 12న నోబుల్ కోచ్ పని వదిలి వెళ్ళిపోయారు. 38 మ్యాచ్‌లు, ఐదు గెలుపులు. లీ ఆడమ్స్ తాత్కాలికంగా పగ్గాలు తీసుకున్నారు, అదే వారం రిచ్‌మండ్ మీద 4 పాయింట్లతో గెలిచాం, ఆ రోజు మార్వెల్‌లో మన పిల్లలు గొంతులు పోయేలా అరిచారు. కానీ ఆ ఒక్క గెలుపుతో రోగం తగ్గదని అందరికీ తెలుసు. 2019 మేలో అప్పటి కోచ్ బ్రాడ్ స్కాట్ వెళ్ళాక రైస్ షా, తర్వాత నోబుల్, ఇద్దరూ నిలవలేదు.

జులై ఆఖరున మనం పెట్టుకున్న మీటింగ్ ఈ ఏడాది మొత్తంలో మంచి మీటింగ్ అని నా అభిప్రాయం. గుంటూరు దగ్గర పీఈటీగా చేసి రిటైరై కొడుకు దగ్గరికొచ్చిన మాస్టారు ఒక మాటన్నారు, మామిడి అంటు పెట్టి మూడో ఏడు కాయలేదని పీకేస్తామా అని. గెలుపోటములన్నీ కోచ్ చేతిలో ఉండవు, లిస్టులోకి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ట్రేడ్ చేయాలి (వేరే క్లబ్‌కి మార్చుకోవాలి) అనేది లిస్ట్ మేనేజర్, ఫుట్‌బాల్ డిపార్ట్‌మెంట్ అంతా కలిసి చేసే పని, ఆ పనే సరిగ్గా లేకపోతే పైన కోచ్ బాక్స్‌లో ఎవరు కూర్చున్నా ఒకటే. అందుకే క్లబ్‌కి మనం రాసిన ఉత్తరంలో ఫలానా ఆయన కావాలని పేరు పెట్టలేదు, వచ్చేవాళ్ళకి ఐదేళ్ళన్నా టైమివ్వండి, కుర్రాళ్ళని పెంచిన అనుభవం చూడండి అని మాత్రమే అడిగాం.

ఆగస్టు 19న అలిస్టర్ క్లార్క్‌సన్ పేరు వచ్చింది, ఐదేళ్ళ ఒప్పందం. ఆ వారం ఎసెండన్ క్లబ్ కూడా ఆయన కోసం గట్టిగా ప్రయత్నించింది, మన గ్రూపులో రాత్రి ఒంటిగంటకి కూడా మెసేజులు ఆగలేదు. ఆయన ఆటగాడిగా మొదలైంది నార్త్‌లోనే, అది ఒక సంతోషం. కోచ్‌గా తను పనిచేసిన హాథోర్న్‌కి 2008, 2013, 2014, 2015 నాలుగు ఫ్లాగులు (ప్రీమియర్‌షిప్‌లు) తెచ్చారని అందరం చెప్పుకుంటాం గానీ నేను చూసేది 2005. అప్పుడు ఆయన కొత్త కోచ్, ఆ సీజన్‌లో ఐదే గెలిచారు. ముందు ఏడాది, క్లబ్‌లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వచ్చిన రఫ్‌హెడ్, ఫ్రాంక్లిన్, లూయిస్ లాంటి కుర్రాళ్ళని ఓపిగ్గా ఆడించారు, నాలుగో సీజన్‌కి ఫ్లాగ్ వచ్చింది.

సెప్టెంబర్ సంగతి దాచకూడదు. హాథోర్న్‌లో ఆయన ఉన్న రోజుల గురించి ఫస్ట్ నేషన్స్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) ఆటగాళ్ళ కుటుంబాలు చాలా తీవ్రమైన ఆరోపణలు చేశాయి, ఆయన ఖండించారు, లీగ్ నడిపే ఏఎఫ్ఎల్ స్వతంత్ర విచారణ వేసింది. మన మీటింగ్‌లో ఇద్దరు మెంబర్‌షిప్ ఇక రెన్యూ చేయం అన్నారు, ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకున్నారు. విచారణ తేలేదాకా ఎవరి పక్షం తీసుకోకూడదని, ఆ కుటుంబాల మాట పూర్తిగా వినాలని తీర్మానించాం. ఆయన నవంబర్ మొదట్లో పని మొదలుపెట్టారు.

క్లబ్ ప్రెసిడెంట్ సోనియా హుడ్ వలస కుటుంబాల తల్లుల కోసం బడుల్లో నడిచే హబ్స్ అనే కేంద్రాల పని చేసినావిడ, క్లబ్ నడిపే హడల్ అనే కార్యక్రమం కూడా మనలాంటి వలస ఇళ్ళ పిల్లల కోసం క్లబ్ సొంత మైదానం ఆర్డెన్ స్ట్రీట్‌లో నడుస్తోంది. ఓడుతున్నా మనం ఈ క్లబ్‌నే పట్టుకుని ఉండడానికి నాకు అది పెద్ద కారణం. మన కుర్ర ఆటగాడు హార్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజనాడి వెళ్ళిపోవడం బాధే, కానీ నవంబర్ డ్రాఫ్ట్‌లో హ్యారీ షీజల్, జార్జ్ వార్డ్‌లా వచ్చారు.

2023 మార్చి 18 శనివారం మార్వెల్‌లో వెస్ట్ కోస్ట్‌తో క్లార్క్‌సన్ మొదటి మ్యాచ్. టార్నీట్ స్టేషన్ నుంచి అందరం ఒకే రైల్లో సదరన్ క్రాస్‌కి వెళ్దాం, పేర్లు ఫిబ్రవరి ఆఖరులోపు ఇవ్వండి, స్కార్ఫ్ లేనివాళ్ళకి పోయినేడువి నా దగ్గర కొన్ని ఉన్నాయి.