ఆశ్రయం ఇచ్చి తాళం వేస్తే ఎలా?

సంపాదకులకు,

గృహహింస నుంచి తప్పించుకుని వచ్చినవారికి, అక్రమ రవాణా నుంచి బయటపడినవారికి, నిలువ నీడ లేని ఒంటరి మహిళలకు తాత్కాలికంగా ఆశ్రయమిచ్చే చోటు శక్తి సదన్. పాత స్వాధార్ గృహ్‌లను, ఉజ్జ్వలా హోమ్‌లను కలిపి 2022 నుంచి కేంద్ర పథకమైన మిషన్ శక్తి కింద వీటిని నడుపుతున్నారు. బాధిత మహిళలకు వైద్య, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట అందించే సఖి కేంద్రంలో ఐదు రోజులకు మించి ఉంచుకోరు కాబట్టి ఆరో రోజు నుంచి చాలామందికి ఇదే దిక్కు. ఈ హోమ్‌లకు తరచూ వెళ్లివచ్చే న్యాయవాదులం, కౌన్సెలర్లం, ఆరోగ్య కార్యకర్తలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. చాలా చోట్ల వీటిని జైలు పద్ధతిలో నడుపుతున్నారన్నది మా ప్రధాన ఫిర్యాదు. మిగతా ఇబ్బందుల్లో సగం అక్కడే మొదలవుతున్నాయి.

వ్యభిచారం కోసం జరిగే అక్రమ రవాణాను అడ్డుకునే పీటా చట్టం కింద మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో వచ్చిన మహిళ, భర్త కొట్టే దెబ్బలకు తాళలేక తనంతట తాను వచ్చిన మహిళ ఒకే హోమ్‌లో ఉంటారు. గేటు తాళం మాత్రం ఇద్దరికీ ఒకటే. బయటికి వెళ్లాలంటే అర్జీ రాయాలి, సూపరింటెండెంట్ సంతకం కావాలి, వెంట ఆయా రావాలి. ఆయా సెలవు పెడితే ఆ రోజు ఎవరూ గడప దాటరు. అలాంటి చోట ఉంటూ బట్టల దుకాణంలోనో కుట్టు యూనిట్‌లోనో ఉద్యోగం ఎలా చేస్తుంది? జీతం లేనిదే గది అద్దెకు డబ్బు ఎక్కడిది? కొన్ని నెలలు చూసి, విసిగి, కొట్టిన ఇంటికే తిరిగి వెళ్లిపోతుంది. రిజిస్టర్‌లో అది ‘కుటుంబంతో కలిపాం’ అనే పద్దు కింద నమోదవుతుంది.

పీటా హోమ్‌లలో సైతం ఇష్టం లేకుండా ఉంచిన వయోజన మహిళలెందరో సర్వే చేసి, గడువు పెట్టి విడుదలకు చర్యలు తీసుకోవాలని 2022 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అలాంటప్పుడు స్వచ్ఛందంగా వచ్చిన మహిళను ఆపే అధికారం ఏ వార్డెన్‌కూ లేదు. కోర్టు ఉత్తర్వుతో వచ్చినవారికి ఒక రిజిస్టర్, తమంతట తాము వచ్చినవారికి మరొకటి పెట్టాలి. రెండో రకం వారు వెళ్లే వేళ, తిరిగి వచ్చే వేళ రాసి సంతకం చేస్తే చాలు. ఎక్కడికి, ఎందుకు అని అడగనక్కర్లేదు. ఆమె చెప్పిన వేళకు రాకపోతే ఫోన్ చేయడానికి, ఆమే ఇచ్చిన ఒక నంబరు ఉంటే సరిపోతుంది.

రాత్రి పూట తాళం మరీ ప్రమాదకరం. పడక గదుల వరండాకు గ్రిల్ గేటు, దానికి తాళం, తాళంచెవి కింది అంతస్తులో నిద్రపోతున్న మనిషి దగ్గర. వంటగదిలో గ్యాస్ లీకైనా, మీటరు బోర్డు అంటుకున్నా పిల్లలతో సహా అందరూ లోపలే చిక్కుకుంటారు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయిన సంగతి సంక్షేమ శాఖలో పనిచేసే ఎవరూ మరచిపోకూడదు. బయటివాళ్లు రాకుండా తాళం ప్రహరీ గేటుకు వేసుకోవచ్చు. పడక గదులకు మాత్రం లోపలి నుంచి తీసుకోగల గడియే ఉండాలి.

చేరేటప్పుడు అడిగే కాగితాలు మరో అడ్డంకి. ఎఫ్ఐఆర్ ఉందా, ఆధార్ ఉందా, పోలీసు లేఖ తెచ్చావా అని గుమ్మంలోనే నిలబెడతారు. గృహహింస నివేదిక ఇవ్వలేదన్న కారణంతో ఆశ్రయం నిరాకరించకూడదని, ఆమె కోరితే ఆమె అక్కడున్న సంగతి అవతలి పక్షానికి చెప్పకూడదని 2006 నాటి గృహహింస నిబంధనల్లో 16వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. దాన్ని పెద్ద అక్షరాలతో ఆఫీసు గోడకు అంటించాలి.

ఆధార్ ఎప్పుడూ అత్తింటి బీరువాలోనే ఉండిపోతుంది. నకలు తీద్దామంటే ఓటీపీ భర్త ఫోన్‌కు వెళుతుంది. ఆమె మీసేవకు వచ్చిందని అతనికి ఆ క్షణమే తెలిసిపోతుంది. అందుకని ముందు ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో ఫోన్ నంబరు మార్పించాలి, ఆ తర్వాతే మిగతా పనులు. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం సూపరింటెండెంట్ నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువీకరణను ఆధార్ సంస్థ అంగీకరిస్తుంది, కానీ ఆ సంగతి తెలిసిన సూపరింటెండెంట్లు తక్కువ. ఇదే వరసలో కొత్త బ్యాంకు ఖాతా కూడా తెరిపించాలి. ప్రతి మహిళ పేరిట నెలకు 500 రూపాయలు జమ చేసి, వెళ్లేటప్పుడు వడ్డీతో ఇవ్వాలన్నది పథకంలోనే ఉంది. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు భర్త దగ్గరున్న పాత ఖాతాలో వేస్తే అవి ఆమెకు దక్కవు. బస్సులో ఉచిత ప్రయాణానికీ గుర్తింపు కార్డే ఆధారం. అంటే ఈ ఒక్క పని మొదటి వారంలో జరగకపోతే మిగతావన్నీ ఆగిపోతాయి.

ఇక నీళ్లు. హాస్టళ్లకు మనిషికి రోజుకు 135 లీటర్లు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. 50 మంది ఉండే హోమ్‌కు 6,750 లీటర్లు. మిద్దె మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులు రెండే ఉంటే రోజుకు మూడు నాలుగు సార్లు మోటారు వేయాలి. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు స్నానాలు, బట్టలు, బడికెళ్లే పిల్లలు అన్నీ ఒకేసారి. ఆ వేళ కరెంటు పోయిందా, మరుగుదొడ్లలో పోయడానికి చుక్క ఉండదు. కాలకృత్యాలు ఆపుకుని, నీళ్లు తాగడం మానేసి మూత్రనాళ ఇన్ఫెక్షన్లతో ఆస్పత్రికి వచ్చేవారిని చూస్తూనే ఉన్నాం. రాత్రి పదింటికే ట్యాంకులు నింపి పెట్టాలి. మరుగుదొడ్ల కోసం విడిగా ఒక డ్రమ్ము ఉంచాలి. ఆరుగురికి ఒక మరుగుదొడ్డి, దానికి లోపల గడియ, మూత ఉన్న చెత్త డబ్బా తప్పనిసరి. డబ్బా లేకనే ప్యాడ్లు పైపుల్లోకి వెళ్లి మురుగు ఎదురు తంతోంది.

ఎనిమిది ప్యాడ్ల ప్యాకెట్ ఒకటి ఇచ్చి నెల గడపమంటున్నారు. రోజుకు నాలుగు చొప్పున ఐదు రోజులకు 20 కావాలి. వార్డెన్ బీరువా ముందు నిలబడి ఒక్కొక్కటి అడిగి తీసుకోవాల్సి రావడం అవమానం. నెల మొదట్లో మూడు ప్యాకెట్లు చేతికి ఇచ్చేస్తే ఈ బాధే ఉండదు.

భోజనం నాణ్యత నిధుల విడుదల మీద ఆధారపడి ఉంది. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాల్సిన పథకం ఇది. ముందు విడత ఖర్చుల పత్రాలు వెళ్లాలి, అవి ఆమోదం పొందాలి, ఆ తర్వాత డబ్బు రావాలి. ఈలోగా కిరాణా అప్పు పెరుగుతుంది. అప్పు పెరిగేకొద్దీ ముందు పాలు, గుడ్లు ఆగిపోతాయి, తర్వాత పప్పు పలచబడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పు కావాలి. అంటే 50 మందికి నాలుగుంపావు కిలోలు. గిన్నెలో పడేది కిలోన్నర అయితే అది పప్పు కాదు, చారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. దెబ్బలు తిని, గర్భంతో, చంటిపిల్లలతో వచ్చేవారి పరిస్థితి ఇంకెలా ఉంటుందో వేరే చెప్పాలా? మూడు నెలల ఆహార ఖర్చును ముందే జిల్లా ఖాతాలో ఉంచి, వాడిన మేరకు నింపుతూ పోవాలి. జీతాలకూ ఇదే వర్తిస్తుంది. నెలల తరబడి జీతం అందని కౌన్సెలర్ వెళ్లిపోతే, కొత్తగా వచ్చిన మనిషికి ఆ మహిళ తన కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఫిర్యాదుల పెట్టె ప్రతి హోమ్‌లోనూ ఉంది. తాళంచెవి సూపరింటెండెంట్ సొరుగులో ఉంటుంది. ఎవరు రాస్తారు అందులో? 2018లో బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహంలో పిల్లలపై లైంగిక దాడుల ఘోరం వెలుగులోకి వచ్చింది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ సోషల్ ఆడిట్ వల్లే. మన దగ్గరా ఆ తాళంచెవి జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరుండాలి. వాళ్లు పదిహేను రోజులకోసారి చెప్పకుండా వచ్చి పెట్టె తెరవాలి, సిబ్బందిని బయటికి పంపి మహిళలతో విడిగా మాట్లాడాలి.

మరో సంగతి. 12 ఏళ్లు దాటిన మగపిల్లలను తల్లితో ఉండనివ్వరు. పదమూడేళ్ల కొడుకును బాలల సదనంలో వదలలేక హోమ్‌కు రాకుండా ఆగిపోయే తల్లులు ఎందరో. ప్రతి ఉమ్మడి జిల్లాలో కనీసం ఒక హోమ్‌లోనైనా వీరికి విడి గదులు కేటాయించాలి.

బయటపడే దారి చేరిన వారంలోనే మొదలవ్వాలి. గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద అర్జీ వేస్తే మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలి, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. 19వ సెక్షన్ కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు, లేదా వేరే ఇంటి అద్దె కోరవచ్చు. చాలామందికి ఈ అర్జీ వేసేటప్పటికే నెలలు గడిచిపోతున్నాయి. కోర్టు తేల్చేలోగా చిన్న గదికి ఇచ్చే అడ్వాన్సు, మొదటి నెల అద్దె, గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు కొనుక్కోవడానికి రెండు రాష్ట్రాల స్త్రీ, శిశు సంక్షేమ శాఖలు ఒకసారి సాయం ప్రకటించాలి. వెళ్లాక మొదటి మూడు నెలలూ కౌన్సెలర్ నెలకోసారి ఆమె కొత్త నంబరుకు ఫోన్ చేసి, చెప్పింది రాసిపెట్టాలి.

— మహిళా ఆశ్రయ గృహాలతో పనిచేస్తున్న న్యాయవాదులు, కౌన్సెలర్లు, ఆరోగ్య కార్యకర్తలు