గోడ కట్టే ముందు కొండ పొరల వాలు కొలిపించండి

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్లమీద పడి ప్రాణాలు పోయాయి. వాన వల్లే పడ్డాయన్నది నిజమే. కానీ ఆ వాన విజయవాడ కొండలన్నిటిమీదా కురిసింది, అన్ని వాలులూ జారలేదు. ఈ తేడా రాతి పొరల్లో ఉంది. దాన్ని ముందే కొలవొచ్చు.

మన కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ భూమి లోతున వేడికి, ఒత్తిడికి మడతలు పడ్డ రాయి. పలకలు పలకలుగా ఉంటుంది. మడతకు ఒక పక్క పలకలు కొండ లోపలికి వాలతాయి. అక్కడ తవ్వినా చాలావరకు నిలుస్తుంది (పలకలు మరీ నిటారుగా ఉంటే బయటికి ఒరిగే ప్రమాదం వేరే ఉంది). రెండో పక్క అవే పలకలు ఇళ్లవైపు వాలతాయి. పలక వాలు 40 డిగ్రీలు ఉన్నచోట ఇంటిస్థలం కోసం కొండను 65 డిగ్రీలకు కోస్తే పలక కాలు తెగిపోతుంది, కింద ఆనుకోవడానికి ఏమీ మిగలదు. పొడిగా ఉన్నన్నాళ్లు రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ రాతిలోని ఫెల్డ్‌స్పార్ శిథిలమై తెల్ల బంకమన్ను అవుతుంది. పలకల మధ్య ఆ మన్ను తడిస్తే పట్టు సడలుతుంది. వెనక బీటల్లో నిండిన నీరు పలకను ముందుకు నెడుతుంది. పై ఇళ్ల వాడుక నీరు, సెప్టిక్ ట్యాంకుల ఊట వేసవిలోనూ అక్కడికే దిగుతాయి.

భ్రంశం (రాతిపొరలు విరిగి పక్కకు జరిగిన చీలిక) ఉన్నచోట రాయి నలిగి పిండిలా ఉంటుంది. కొండ జారకుండా కట్టే గోడకు ఆ పట్టీమీద పునాది వేయకూడదు.

అందుకే ఇళ్లున్న ప్రతి కొండవాలునా, సుమారు పది మీటర్లకొకచోట, క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచే సాధనం) ఉన్న దిక్సూచితో పలకల వాలు, వాలే దిక్కు, బీటల దిక్కు కొలిపించి 1:1000 మ్యాపుమీద ఎక్కించండి. పలక వాలే దిక్కుకూ కొండముఖం దిక్కుకూ తేడా 20 డిగ్రీల లోపు ఉండి, పలక వాలు కోత వాలుకన్నా తక్కువైతే ఆ చోటుకు ఎర్రగుర్తు పెట్టాలి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు ఈ పని కొత్తది కాదు.

గోడల విషయంలో మా ఆందోళన నీటి గురించే. నీరు పోయే దారిలేని గోడ ఆనకట్టలా నీటిని ఆపి, ఆ బరువుకే ఒరుగుతుంది. గోడ వెనక కంకర, దానికీ మట్టికీ మధ్య నీటిని వదిలి మన్నును ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఒకటిన్నర మీటరుకొకటి చొప్పున 100 మిల్లీమీటర్ల గొట్టాలు పెట్టించండి. గుడ్డ లేకపోతే కొన్నేళ్లకే గొట్టాలు బంకమన్నుతో పూడిపోతాయి. రాక్ బోల్టులు (రాతిని బిగించే ఉక్కు కడ్డీలు) పలకలకు సమాంతరంగా దిగితే వృథా. పలకను అడ్డంగా దాటి, వెనక కదలని రాతిలోకి దిగాలి.

ఎర్రగుర్తు పడ్డచోట కొత్తగా కొండ కోయడానికి అనుమతి ఆపండి. ఈ కొలతలు వచ్చే నైరుతి రుతుపవనాల లోపే పూర్తి చేయించమని, ముందు మొగల్రాజపురం, గుణదల వాలులతో మొదలుపెట్టమని కోరుతున్నాం.

భవదీయులు,
విజయవాడలోని భూవిజ్ఞాన పట్టభద్రులు