ఉద్యోగుల సంఖ్యపై పన్ను: మా నగర మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

నేను రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రానందువల్ల ఈ విన్నపాన్ని నలుగురి ఎదుట ఉంచుతున్నాను. మన పొరుగున ఉన్న కాలిఫోర్నియా నగరం మౌంటెన్ వ్యూ ఓటర్లు 2018 నవంబరులో మెజర్ పీ అనే బ్యాలెట్ ప్రతిపాదనను ఆమోదించి, పెద్ద సంస్థలు ఒక్కో ఉద్యోగికి ఎక్కువ పన్ను కట్టేలా, ఆ రాబడిలో అధిక భాగం రవాణాకు, కొంత ఇళ్లకు దక్కేలా చూసుకున్నారు. మన నగరంలోనూ వేలమంది ఉద్యోగుల రాకతో అద్దెలు పెరిగాయి. మా వీధి హోటల్లో వంట చేసే తెలుగావిడ ఆ అద్దె భరించలేక దూరాన ఉన్న ట్రేసీ పట్టణానికి తరలిపోయి, పిల్లలు నిద్ర లేవకముందే బయలుదేరి, వాళ్లు పడుకున్నాక ఇల్లు చేరుతున్నారు. ఇలాంటి పన్ను వేస్తే సంస్థలు తరలిపోతాయన్న భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే దాన్ని తూచి తేల్చవలసినవారు ఓటర్లే. కావున ఇటువంటి ప్రతిపాదనను వచ్చే నవంబరు బ్యాలెట్‌లో చేర్చే తీర్మానాన్ని కౌన్సిల్ ముందు పెట్టి, చర్చ తేదీని బహిరంగంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఈ నగర ఓటరు