అమ్మ కట్టించిన అరుగు

ఒరేయ్ సోడాబుడ్డీ,

ఆలస్యమైందని తెలుసు, తిట్టుకుంటూనే ఉంటావు. ఈస్టర్‌కి రాస్తానన్నాను, చూస్తుండగానే మే నెల వచ్చేసింది, ఏమనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, ఉద్యోగం అలాగే ఉంది, పెద్దదానికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, ఆ టెన్షన్ వేరే. ఇక అసలు సంగతికి వస్తాను, నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మార్చిలో పిల్లల సెలవులకి చర్చి వాళ్ళతో ఇంటిల్లిపాదీ గ్వాటెమాలా వెళ్ళొచ్చాం. అమ్మ కూడా వచ్చింది. అమ్మని తీసుకెళ్ళాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మోకాళ్ళ నొప్పులు, బీపీ, పైగా వెళ్ళేది 2,000 మీటర్ల ఎత్తున్న కొండ ప్రాంతం. మా ఆవిడ వద్దంది. అమ్మ అంతా విని ఒక్కటే మాట అంది: "నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. మా అమ్మకి కాన్పు కష్టమైతే వినుకొండ నుంచి అక్కడికే తీసుకెళ్ళారు. ఆ డాక్టరు కుగ్లర్ దొరసాని 1883లో ఓడెక్కి మనూరికి రాకపోతే ఆ ఆసుపత్రే లేదు, నేనూ లేను. నన్ను ఆపకండి." ఇంకెవరు నోరెత్తుతారు చెప్పు?

మేం వెళ్ళింది చిమాల్తెనాంగో అనే ఊరు దాటాక కోమలాపా వైపు పల్లెలకి. అమెరికాలో పాతబడ్డ పసుపుపచ్చ స్కూలు బస్సులు అక్కడికి చేరి, రంగురంగుల బొమ్మలు వేయించుకుని, టాపు మీద మూటలతో తిరుగుతుంటాయి. మన చీరాల బస్సు, కోడిపుంజు... ఆ కథ ఇక్కడ ఎత్తను, పిల్లలు చదువుతారు. దూరంగా ఫ్వేగో అగ్నిపర్వతం ఉండుండి పొగ వదులుతూ కనపడుతుంటే చిన్నోడు కిటికీకి అతుక్కుపోయాడు.

మేం చేయాల్సిన పని పొయ్యిలు కట్టడం. అక్కడ కక్చికెల్ భాష మాట్లాడే మాయా ఆదివాసీ కుటుంబాల్లో చాలామంది ఇప్పటికీ నేల మీద మూడు రాళ్ళు పెట్టి ఇంట్లోనే వండుకుంటారు. పొగ పోయే దారి ఉండదురా. గోడలు, రేకులు అన్నీ మసి, నాకైతే రెండు నిమిషాలకే కళ్ళు మండిపోయాయి. తల్లి వీపున గుడ్డలో కట్టిన పసివాడు రోజంతా పీల్చేది ఆ పొగే. మాతో వచ్చిన నర్సు చెప్పింది, ఆ దేశంలోనే శాన్ మార్కోస్ పల్లెల్లో కొన్ని ఇళ్ళకి పొగగొట్టం పొయ్యిలిచ్చి, మిగతా ఇళ్ళతో పోల్చి చూశారట. తీవ్రమైన న్యుమోనియా తగ్గిందని తేలితే 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారట. మేం కట్టేదీ అలాంటిదే. సిమెంటు ఇటుకల దిమ్మె, దాని మీద మంట పెట్టే గూడు, పైన ఇనప పలక, వెనక నుంచి కప్పు దాటి పోయే రేకు గొట్టం. ఆ ఊరి మేస్త్రీ కట్టిస్తాడు, మనం ఇటుకలు మోసి, మట్టి తొక్కి అందివ్వాలి. టిక్కెట్లకి పోసిన డబ్బంతా ఆ మేస్త్రీకే పంపితే ఇంకెన్ని పొయ్యిలయ్యేవో అని బయల్దేరినప్పటి నుంచీ నా బుర్ర తొలిచేస్తోంది. దానికి నాకింకా... సరే, అది మరో ఉత్తరం.

మేం పొయ్యి కట్టాల్సిన ఇంటి మామ్మకి డెబ్బై దాటి ఉంటాయి. నాలుగున్నర అడుగుల మనిషి, ఒంటి మీద చేత్తో నేసిన పూల రవిక. 1976 ఫిబ్రవరి 4 తెల్లవారుజామున భూకంపం వచ్చి ఆ దేశంలో 23,000 మంది దాకా పోయారు కదా, మామ్మ వాళ్ళ మట్టిగోడల ఇల్లు అప్పుడే కూలిందట. అందుకే ఇప్పుడు పైన బరువు లేకుండా రేకులు. కొత్త పొయ్యి వస్తోందంటే సంబరపడుతుందనుకున్నాం. ఆవిడేమో ఆ మూడు రాళ్ళ పక్కన నిలబడి ఉలకదు పలకదు.

అమ్మకి చెట్టు కింద కుర్చీ వేశాం. కూర్చుంటేగా! లోపలికి పోయి మామ్మ పక్కనే పీట వేసుకుంది. పెద్ద మట్టికుండలో మొక్కజొన్నలు, పక్కన డబ్బాలో తెల్లటి పొడి. వేలితో నలిపి చూసి, "సున్నంరా ఇది!" అని ఒకటే కేక. మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే పొట్టు పోయేలా కడిగి రుబ్బుతారు, ఆ పిండితోనే రొట్టెలు. అమ్మ ఆ కుండనీ మా ఇనప పలకనీ మార్చి మార్చి చూసింది. "ఇంత కుండ, గుండ్రటి అడుగు, మీ పలక మీద నిలుస్తుందా? నిలిచినా నిండు కుండ అంతెత్తుకి ఎత్తేదెవరు, దించేదెవరు?"

పెద్దదానికి బళ్ళో నేర్చిన స్పానిష్ వచ్చు. అమ్మ తెలుగు అది స్పానిష్‌లో మేస్త్రీకి, మేస్త్రీ కక్చికెల్‌లో మామ్మకి. ఇలా తిరిగి తిరిగి ఆ మాట ఆవిడ చెవిన పడగానే ఎలా తలూపిందనుకున్నావు! ఆవిడ దిగులంతా అదే. పాత పొయ్యి తీసెయ్యాలని ఎవరో ముందే చెప్పి పెట్టారు. మేస్త్రీ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. కుండ కోసం ఆ మూడు రాళ్ళూ పెరట్లో పంచ కిందికి వెళ్ళాయి. ఎవరి చేతికీ ఇవ్వకుండా మామ్మే ఒక్కొక్కటీ మోసుకెళ్ళింది.

అయిపోలేదు. దిమ్మె లేచాక అమ్మ మామ్మ చెయ్యి పట్టుకుని దాని ముందు నిలబెట్టింది. పలక ఆవిడ రొమ్ము దాకా వచ్చింది. రొట్టె వెయ్యాలంటే మునివేళ్ళ మీద లేవాలి, పైనుంచి సెగ ముఖానికి కొడుతుంది. ఒక వరస తీసేద్దామంటే సిమెంటు అప్పటికే పట్టేసింది. "తియ్యక్కర్లేదు, ముందు అరుగు కట్టండి" అంది అమ్మ. విరిగిన ఇటుకలు, పెరట్లో మట్టి, చిన్నోడూ నేనూ తొక్కి తొక్కి జానెడు ఎత్తు అరుగు లేపాం. అంచులు అమ్మే తడిచేత్తో నున్నగా అలికింది. మామ్మ ఎక్కి నిలబడి మోచేతులు ఆనించి చూసుకుంది, సరిగ్గా సరిపోయింది. అప్పుడు నవ్విందిరా, రెండు చేతులతో అమ్మ బుగ్గలు పట్టుకుని "మత్యోష్, మత్యోష్" అంటూ. ఆ మాటకి అర్థం థాంక్స్ అని మాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

పొయ్యి ఆరాలి కాబట్టి ఆ పూట రొట్టెలు పెరట్లో రాళ్ళ మీదే. వినుకొండలో జొన్నరొట్టెలు తట్టిన చెయ్యి కదా, అమ్మ కూడా ముద్ద తీసుకుంది. మామ్మ రొట్టె అరచేతంతే, అమ్మది పళ్ళెమంత! మామ్మ దాన్ని పైకెత్తి ఇంట్లో వాళ్ళందరికీ చూపించింది. మా అమ్మని అంత హుషారుగా నేను చూసి ఎన్నేళ్ళయిందో. నాన్న పోయాక...

మర్నాడు వెళ్ళిన ఇంట్లో దిమ్మె మొదలెట్టకముందే మేస్త్రీ టేపు పట్టుకుని ఇంటావిడ మోచెయ్యి ఎత్తు కొలిచాడు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. అమ్మని రానివ్వద్దన్నది తనే కదా, ఇప్పుడు ఎవరు కనపడినా ఈ కథ తనే చెబుతోంది.

ఇంకా చీర సంగతి రాయలేదు. అమ్మ మంగళగిరి చీర అంచు పట్టుకుని మామ్మ కోడలు, వాళ్ళ మగ్గం నడుముకి కట్టుకుని నేసేది... అయ్యో, చిన్నోడి ప్రాక్టీసు అయిపోయినట్టుంది, బయటికొస్తున్నాడు, కారు తియ్యాలి. ఫోటోలు వాట్సాప్‌లో పెడతా. మీ నాన్నగారి కంటి ఆపరేషన్ ఏమైందో వెంటనే రాయి. ఉంటా మరి.