నాచెజ్ మేయర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

అమెరికాలో మిసిసిపి నది ఒడ్డున ఉన్న మీ ఊరికి పాత బంగళాలు చూద్దామనే వచ్చాం. నది గట్టు పార్కులో ఒక ఫలకం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. 1940 ఏప్రిల్ 23 రాత్రి రిథమ్ క్లబ్‌లో డ్యాన్సు జరుగుతుండగా నిప్పంటుకుని 209 మంది నల్లజాతివాళ్లు చనిపోయారు. అలంకరణకు వేలాడదీసిన ఎండు నాచు భగ్గుమంది. టికెట్ లేనివాళ్లు దూరకుండా కిటికీలు ముందే మూసేశారట. మిగిలింది ఒక్క తలుపే. బ్యాండ్ నాయకుడు వాల్టర్ బార్న్స్ కూడా అందులోనే పోయాడు.

ఒక్కటే మనవి. టూరిస్టు మ్యాపుల్లో ఆ క్లబ్ ఉన్న చోటుకీ, ఒకప్పుడు బానిసల్ని అమ్మిన ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ అనే సంత స్థలానికీ బంగళాలతో సమానంగా పెద్ద అక్షరాలు వేయించండి. ఆ బంగళాలు లేచింది ఆ బానిసలు పండించిన పత్తి డబ్బుతోనే కదా!

ఇట్లు,
ఒక తెలుగు యాత్రికుడు